ఊరు దాటాకే పేరు



హాంబర్గర్ అనే మాటలో ఒక కోట ఉంది. పావగడ వైపు నిడుగల్లు దుర్గం కింద పుట్టి పెరిగినవాళ్ళకు కోటలు కొత్త కావు. అందుకే ఈ పూట ఆ మాటను కోట దగ్గర నుంచే విప్పుకుంటూ వద్దాం.

మన దగ్గర చాలామంది ఈ మాట వినగానే ఒక పొరపాటు లెక్క వేసుకుంటారు. ఇంగ్లీషులో హామ్ అంటే పంది తొడ మాంసం. కాబట్టి హాంబర్గర్‌లో ఉండేది పంది మాంసమేనని అనుకుంటారు. మిగిలిన బర్గర్ అంటే అడ్డంగా కోసిన బన్ను అనుకుంటారు. రెండూ నిజం కావు. అసలు హాంబర్గర్‌ను గొడ్డుమాంసం ఖీమాతో చేస్తారు, అందులో పంది మాంసం ఉండదు. బర్గర్ అంటే బన్నూ కాదు. ఆ మాటను విరిచే చోటు వేరు. హాంబర్గ్ అన్నది ఒక ఊరు. చివర మిగిలిన 'అర్' జర్మన్ భాషలో ఫలానా ఊరి మనిషి, ఫలానా ఊరి వస్తువు అని చెప్పే ప్రత్యయం. మనం కడపోడు, గుంటూరోడు, అనంతపురంది అన్నట్టే వాళ్ళు హాంబర్గర్ అంటారు. అంటే హాంబర్గుది. ఫ్రాంక్‌ఫర్ట్ ఊరిది ఫ్రాంక్‌ఫర్టర్, వియన్నా ఊరిది వీనర్. ఆ రెండు పేర్లూ సాసేజీలకు స్థిరపడ్డాయి. హాంబర్గ్ పేరు ఖీమా బిళ్ళకు స్థిరపడింది.

ఇక ఆ ఊరి సంగతి. ఉత్తర జర్మనీలో ఎల్బ నది ఒడ్డున 9వ శతాబ్దం నాటికి హమ్మబుర్గ్ అనే కోట ఉండేది. 845లో వైకింగులు పడవల మీద వచ్చి ఆ కోటను, దాని పక్కనున్న ఊరిని దోచుకుని తగలబెట్టారు. ఊరు మళ్ళీ లేచింది, కోట పేరే ఊరి పేరుగా మిగిలింది. బుర్గ్ అంటే కోట. హమ్మ అంటే నది వంపు దగ్గరి నేల అని కొందరు, పచ్చిక బయలు అని కొందరు చెబుతారు. బుర్గ్‌కు మూలమైన ధాతువుకు ఎత్తు అని అర్థం. మన సంస్కృతంలోని బృహత్ కూడా ఆ ధాతువు నుంచే వచ్చిందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. బృహదీశ్వరాలయం పేరులో ఉన్న బృహత్తూ, బర్గర్‌లో ఉన్న బర్గూ చాలా వెనకటి తరాలలో ఒకే ఇంటివన్నమాట.

ఇప్పుడు మన కొండ వైపు చూడండి. నిడు అంటే పొడవైన, ఎత్తయిన. నిడుపు, నిడుద అన్న మాటలు మనకు తెలుసు.  కల్లు అంటే రాయి. తెలుగులో ఈ మాట విడిగా వాడితే ఇప్పుడు తాటికల్లు, ఈతకల్లు గుర్తొస్తాయి గానీ, సన్నికల్లులో అది రాయిగానే ఉంది, ఓరుగల్లులో రాయిగానే ఉంది. కన్నడంలో ఈనాటికీ కల్లు అంటే రాయే. నిడుగల్లు అంటే ఎత్తయిన రాయి. ఆ రాతి కొండ మీదికి వరసలు వరసలుగా కోటగోడలు ఎక్కాయి. కరికాల చోళుడి వంశంవాళ్ళమని చెప్పుకున్న చోళులు ఇక్కడి నుంచీ, ఇప్పుడు మడకశిర వైపున్న హేమావతి నుంచీ ఏలారు. చరిత్రకారులు వాళ్ళను నిడుగల్లు చోళులంటారు. వాళ్ళలో ఇరుంగోళుడి పేరు శాసనాల్లో పదే పదే కనిపిస్తుంది. పావగడ పేరు చివరి గడ కూడా కోటే. కోట పేరు ఊరికి రావడం హాంబర్గుకూ జరిగింది, మనకూ జరిగింది. తేడా ఆ తర్వాత వచ్చింది. హాంబర్గ్ పేరు ఒక తిండి మీదికెక్కి ప్రపంచమంతా తిరిగింది. నిడుగల్లు పేరు మీద ఏ వంటా లేదు. అలా ఎందుకు జరిగింది? నేను చెప్పదలచిన విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

హాంబర్గ్ రేవు పట్నం. 1847లో అక్కడ హాంబర్గ్ అమెరికా ఓడల కంపెనీ పుట్టింది. 19వ శతాబ్దం మధ్య నుంచి తర్వాతి ఎనభై తొంభై ఏళ్ళలో జర్మనీ, పోలండ్, రష్యా లాంటి దేశాల నుంచి దాదాపు 50 లక్షల మంది ఆ రేవులో ఓడెక్కి వలసపోయారు. పంటలు పోయినవాళ్ళు, మతం పేరుతో తరిమివేతకు గురైనవాళ్ళు, కూలి దొరకనివాళ్ళు. గొడ్డుమాంసాన్ని సన్నగా కొట్టి, ఉల్లిపాయ, ఉప్పు కలిపి బిళ్ళగా చేసి తినే అలవాటు ఆ వైపు ఉండేది. న్యూయార్కు రేవులో దిగినవాళ్ళ కోసం అక్కడి హోటళ్ళు ఆ వంట చేసి, హాంబర్గ్ స్టీక్ అని పేరు రాసి అమ్మాయి. 1880ల నాటికి అమెరికా పత్రికల్లో, హోటళ్ళ జాబితాల్లో ఆ పేరు మామూలైపోయింది.

ఇక్కడొక విషయం గమనించండి. హాంబర్గులో ఉన్నవాడు తన ఇంట్లో వండుకునేదాన్ని హాంబర్గుది అనడు. తన ఊరి తిండికి తన ఊరి పేరు తగిలించుకోవాల్సిన పని అతనికి లేదు. ఆ పేరు కావాల్సింది సముద్రం అవతలివాడికి. ఇదెక్కడి వంట అని అడిగేవాడు ఎదురైనప్పుడే ఊరి పేరు తిండికి అంటుకుంటుంది.

తర్వాత ఆ స్టీకు రెండు బ్రెడ్డు ముక్కల మధ్యకు చేరింది. సంతల్లో, ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడి తినేవాళ్ళకు పళ్ళెం, కత్తి, ఫోర్కు కుదరవు. ఎవరు ముందు పెట్టారన్న దాని మీద అమెరికాలో ఈనాటికీ పేచీ తెగలేదు. విస్కాన్సిన్‌లోని సేమోర్ ఊరివాళ్ళు 1885లో తమ చార్లీ నాగ్రీన్ పెట్టాడంటారు. అదే ఏడాది న్యూయార్కు రాష్ట్రంలో హాంబర్గ్ అనే పేరే ఉన్న చిన్న ఊరి సంతలో మెంచెస్ అన్నదమ్ములు పెట్టారని మరికొందరంటారు. కనెక్టికట్‌లో న్యూ హేవెన్‌లోని లూయీస్ లంచ్ అనే చిన్న హోటలు 1900లో లూయీ లాసెన్ పెట్టాడని చెప్పుకుంటుంది. టెక్సస్‌వాళ్ళు తమ ఫ్లెచర్ డేవిస్ పేరు చెబుతారు. ఇంతమంది పోటీ పడుతున్నారంటే, ఆకలిగా, తొందరగా ఉన్న మనుషులున్న ప్రతిచోటా ఆ ఆలోచన దానంతటదే పుట్టి ఉండాలి. పేరు మాత్రం ఒక్క రేవు నుంచే వచ్చింది.

20వ శతాబ్దం మొదట్లో ఖీమా అంటే జనం భయపడ్డారు. 1906లో అప్టన్ సింక్లెయిర్ రాసిన నవల చికాగో మాంసం ఫ్యాక్టరీలలోని మురికిని బయటపెట్టింది. నలగ్గొట్టిన మాంసంలో ఏం కలుపుతారోనన్న అనుమానం బలపడింది. 1921లో కాన్సస్‌లోని విచిటాలో వాల్టర్ ఆండర్సన్, బిల్లీ ఇంగ్రమ్ అనే ఇద్దరు కలిసి ఒక హోటలు పెట్టి, గోడలన్నీ తెల్లగా వేయించి, జనం కళ్ళ ముందే కాల్చి, ఒక్కోటి 5 సెంట్లకు అమ్మారు. ఆ హోటలుకు పెట్టిన పేరు వైట్ కాసిల్, అంటే తెల్లకోట. హమ్మబుర్గ్ కోట పేరు మోస్తున్న తిండి, వెయ్యేళ్ళ తర్వాత ఇంకో కోట పేరున్న అంగట్లో జనానికి దగ్గరైంది.

ఈ మధ్యలో పేరుకు ఒక గండం కూడా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా జర్మనీ మీద కత్తి దూసినప్పుడు జర్మన్ పేర్లంటే జనానికి గిట్టలేదు. హాంబర్గర్‌కు లిబర్టీ స్టీక్, అంటే స్వేచ్ఛా స్టీక్ అని పేరు మార్చారు. యుద్ధం అయిపోయింది, కొత్త పేరు రాలిపోయింది, పాత పేరు నిలిచింది. నాలుకకు అలవాటైన పేరును హుకుంతో తీసేయడం కష్టం.

క్రమంగా ఆ మాటను జనం తమకు తోచిన చోట విరిచేశారు. హామ్ ఒక మాంసం కాబట్టి బర్గర్ అంటే దాన్ని పెట్టుకు తినే తీరు అయి ఉంటుందని తీర్మానించుకున్నారు. 1930లలో చీజ్ పెట్టినదాన్ని చీజ్‌బర్గర్ అన్నారు. ఆ తర్వాత ఫిష్ బర్గర్, చికెన్ బర్గర్, వెజ్ బర్గర్. కోట అనే అర్థమున్న ముక్కకూ, ఊరి మనిషిని చెప్పే తోకకూ కలిపి బన్నులో పెట్టిన తిండి అనే కొత్త అర్థం వచ్చింది. దీన్ని భ్రష్టు పట్టడమని కొందరంటారు. నేను ఒప్పుకోను. హైదరాబాదులో బ్రెడ్డును డబుల్ రొట్టె అన్నారు. దానితో చేసిన తీపి డబుల్ కా మీఠా అయింది. రొట్టె అన్న మాట జారిపోయి డబుల్ ఒక్కటే మిగిలింది. అర్థమయ్యేవాళ్ళకు ఏ ఇబ్బందీ కలగలేదు. జనం నోట్లో మాట అరుగుతుంది, కొత్త మొలక వేస్తుంది. మాట బతికి ఉందనడానికి అదే సాక్ష్యం.

1996 అక్టోబరులో ఢిల్లీలో మెక్‌డొనాల్డ్స్ మన దేశంలోని మొదటి హోటలు తెరిచినప్పుడు గొడ్డుమాంసం లేకుండానే తెరిచింది. పెద్ద బర్గర్‌కు మహారాజా అన్న పేరు చేరింది. బంగాళాదుంప టిక్కీ బన్నులోకి వచ్చింది. ఇప్పుడు మన తాలూకా కేంద్రాల్లోని బేకరీల్లో కూడా బన్నును రెండుగా చీల్చి, ఆలూ బిళ్ళ పెట్టి, టమాటా, ఉల్లిచక్రం, సాసు వేసి బర్గర్ అని చేతిలో పెడుతున్నారు. అందులో హాంబర్గు మాంసమూ లేదు, హాంబర్గు వంట తీరూ లేదు. అయినా ఎల్బ ఒడ్డున కాలిపోయిన కోట పేరు ఒక ముక్క అందులో ఉంది. పేరు చూసి తిండిలో ఏముందో చెప్పలేం. అది ఏ దారిన వచ్చిందో మాత్రం చెప్పగలం.

ఈ సూత్రం మన సరిహద్దులో నిలబడి చూస్తే చాలా స్పష్టంగా తెలుస్తుంది. పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా, చుట్టూ చాలా మేరకు ఉన్నది ఆంధ్ర నేలే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. రెండు భాషల పేర్లూ మన చెవిన పడతాయి. మైసూరు బజ్జీ ఉంది. ఆంధ్రలో ఏ టిఫిను బండి దగ్గరైనా ఆ పేరుతో అడగొచ్చు. మైదాపిండిని పెరుగుతో కలిపి పులియబెట్టి, జీలకర్ర, పచ్చిమిర్చి ముక్కలు వేసి, వేళ్ళతో గుండ్రంగా నూనెలోకి జారవిడుస్తారు. కర్ణాటకలో అదే బజ్జీని మంగళూరు బజ్జీ అంటారు. మంగళూరు వెళితే అది గోళిబజె. గోళీలాగా గుండ్రంగా ఉందని ఆ పేరు. ఆంధ్రవాళ్ళకు అది మైసూరుది, మైసూరువాళ్ళకు మంగళూరుది, మంగళూరువాళ్ళకు వట్టి గోళీ.

బందరు లడ్డూ చూడండి. శనగపిండి కారాలను దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచి చేసే ఆ లడ్డూను బందరులో తొక్కుడు లడ్డూ అంటారు. చేసేవాళ్ళకు తాము చేసిన పని గుర్తు, కొనుక్కుపోయేవాళ్ళకు ఊరు గుర్తు. బందరు అంటే పారశీకంలో రేవు. హాంబర్గ్ లాగే అదీ ఓడల ఊరే. మద్దూరు వడ సంగతి తీసుకోండి. బెంగుళూరు, మైసూరు మధ్య రైలు ఆగే మద్దూరు స్టేషనులో ప్రయాణికులకు అమ్మగా ఆ పేరు దేశానికి తెలిసింది. అక్కడ రేవు పని స్టేషను చేసింది.

కూరగాయల దగ్గరికి రండి. ఆంధ్రవాళ్ళు బెంగుళూరు వంకాయ అనే కాయను బెంగుళూరులో సీమెబదనెకాయి అంటారు. అంటే సీమవంకాయ, విదేశం నుంచి వచ్చిన వంకాయ. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. మనకు బెంగుళూరు నుంచి వచ్చింది కాబట్టి మనం బెంగుళూరు పేరు పెట్టాం. బెంగుళూరుకు సముద్రం మీద నుంచి వచ్చింది కాబట్టి వాళ్ళు సీమ పేరు పెట్టారు. బొప్పాయిని మన వైపు పరంగిపండు అంటారు, కన్నడంలోనూ పరంగియే. పరంగులంటే ఐరోపావాళ్ళు. అమెరికా ఖండంలో పుట్టిన ఆ పండును ఇక్కడికి తెచ్చినవాళ్ళ పేరు అలా నిలబడిపోయింది.

అన్నిటికంటే నాకు ముచ్చటైనది తియ్యనారింజ. అనంతపురం వైపు ఆ తోటలను చీనీ తోటలంటారు, పండు చీనీకాయ. అంటే చైనాది. కోస్తాలో, తెలంగాణలో బత్తాయి. డచ్చివాళ్ళు జకార్తాకు పెట్టిన బటావియా అనే పేరు నుంచి వచ్చిన మాట అది. కర్ణాటకలో మోసంబి. ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు అందులో వినిపిస్తుంది. ఒకే జాతి పండుకు మూడు పరాయి నేలల పేర్లు. మన సరిహద్దు ఊళ్ళలో ఒకే అంగట్లో ముగ్గురు మూడు పేర్లతో అడిగినా అంగడివాడు తడుముకోకుండా ఒకే బుట్టలో చెయ్యి పెడతాడు.

మరి మన పళ్ళెంలో రోజూ ఉండేదానికి ఏ ఊరి పేరు ఉంది? రాగిముద్ద చేసే ఇంటికి వెళ్ళి చూడండి. ఎసరు కాగుతుంటే గుప్పెడు నూకలు వేసి ఉడకనిస్తారు. రాగిపిండిని కుప్పగా పోసి, తెడ్డు కాడతో మధ్యలో ఒక గుంట పెట్టి, కదపకుండా వదిలేస్తారు. నీళ్ళు ఆ గుంటలోంచి పొంగుకొచ్చి పిండి మీదికి ఎక్కుతాయి. అప్పుడు పాత్రను దించి, కాళ్ళతో కదలకుండా పట్టి, ఉండ కట్టకుండా తెడ్డుతో గెలుకుతారు. ఆ గెలకడానికి భుజబలం కావాలి. చెయ్యి నీళ్ళలో ముంచుకుని, వేడి వేడిగా ఉన్నదాన్ని గుండ్రంగా తిప్పి పెడతారు. పక్కన ఉలవచారో, ఊరిబిండి పచ్చడో. దాని పేరు ముద్ద, లేదా సంగటి. నిడుగల్లు ముద్ద అని ఇక్కడెవరూ అనరు. అనాల్సిన పని లేదు.

కానీ ఆ రాగి కూడా దూరం నుంచి వచ్చిందే. తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో మనిషి దాన్ని మొదట సాగుచేశాడు. వేల ఏళ్ళ కిందటే అది మన దేశం చేరింది. కోస్తాలో చోళ్ళు అన్నారు, తెలంగాణలో తైదలు అన్నారు, మనం రాగులన్నాం. ఏ పేరులోనూ ఆఫ్రికా మిగలలేదు. ఊరిబిండిలోకి నూరే ఎండుమిర్చి, వేరుశనగ రెండూ అమెరికా ఖండంలో పుట్టినవే. కన్నడంలో మెణసు అంటే మిరియాలు, మెణసినకాయి అంటే మిరపకాయ. కొత్తగా వచ్చిన కారానికి పాత కారం పేరు పెట్టి ఇంటిదాన్ని చేసుకున్నారు. కాబట్టి పరాయి తిండి, మన తిండి అని గీత గీసేముందు కాస్త ఆగాలి. ఎంత కాలం మనతో ఉంది, ఎంత చెమట దాని వెనక ఉంది అన్నది చూడాలి. పుట్టిన ఊరు ఒక్కటే లెక్క కాదు.

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. నిడుగల్లు పేరు మీద ఏ వంటా ఎందుకు లేదంటే, ఇక్కడి వంట ఎన్నాళ్ళో ఇల్లు దాటి పోలేదు. దుర్గానికి రేవు లేదు. వానకు మొహం వాచిన ఈ నేల మీద ముద్ద ఆకలి తీర్చింది, అంగడి ఎక్కలేదు. ముద్ద తినేవాళ్ళను చిన్నచూపు చూసిన కాలం కూడా ఉంది. వరి అన్నం పండగ కూడుగా, ముద్ద లేనివాళ్ళ కూడుగా లెక్కించారు. ఆ లెక్క మారింది. హైదరాబాదు, విజయవాడ హోటళ్ళలో ఇప్పుడు రాయలసీమ రాగిసంగటి, నాటుకోడి పులుసు అని రాసి అమ్ముతున్నారు. రాయలసీమ అన్న మాట ఆ బోర్డు మీదికి ఎప్పుడొచ్చింది? సంగటి సీమ దాటాక వచ్చింది. హాంబర్గు వంటకు న్యూయార్కులో ఏం జరిగిందో, మన సంగటికి హైదరాబాదులో అదే జరిగింది.

అందుకే బతుకుతెరువు కోసం బెంగుళూరుకో, ఇంకా దూరానికో వెళ్ళిన మన ఊరి పిల్లలకు నేనొక మాట చెప్పదలచుకున్నాను. తిండికి పేరు తెచ్చింది రాజులు కాదు, సొమ్మున్న వ్యాపారులూ కాదు. మూటా ముల్లె సర్దుకుని ఓడెక్కిన కూలీలు తెచ్చారు. ఉన్న ఊరు వదిలినా తమ వంట వదలనివాళ్ళు తెచ్చారు. మీ పక్కన కూర్చున్న స్నేహితుడు మీ డబ్బాలోకి చూసి ఇదేమిటని అడిగితే, ఏదో మామూలు తిండి అని మూత పెట్టేయకండి. ముద్ద అని చెప్పండి, ఊరిబిండి అని చెప్పండి, మాది పావగడ వైపు నిడుగల్లు అని ఊరు కూడా చెప్పండి. తినిపించండి. అతను ఆ రుచిని ఇంకొకరికి చెప్పేటప్పుడు ఊరి పేరు దానంతటదే చేరుతుంది. మనం బోర్డు రాయించుకోనక్కర్లేదు.

అలాగే మీ పిల్లలు బర్గర్ అడిగినప్పుడు విదేశీ చెత్త అని కసరకండి. కొనిపెట్టేటప్పుడు ఆ మాటలో కోట ఉందని, ఆ కోట కాలిపోయిందని, ఆ రేవు నుంచి లక్షల మంది పేదవాళ్ళు ఓడెక్కారని చెప్పండి. ఆదివారం పూట నిడుగల్లు కొండ ఎక్కించి ఈ కోటగోడలూ చూపించండి. రెండు కోటల సంగతీ తెలిసిన పిల్లలు ఏ దేశపు తిండినీ తక్కువ చెయ్యరు, తమ ఇంటి తిండి చెప్పుకోవడానికీ సిగ్గుపడరు. ఆ పిల్లలు ఎక్కడికి వెళ్ళినా ఈ ఊరి పేరు వాళ్ళ వెంట వెళుతుంది.